రాంగ్ రూట్‌లో వచ్చింది ఎవరు?

ఆదివారం తెల్లవారుజామున నాలుగుంపావుకి అలారం పెట్టుకుని మరీ లేచి, బిగుతు నిక్కరొకటి తగిలించుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయే నాబోటి వాళ్ళని మా ఇంట్లో "పనిలేని బేచి" అంటారు. వారంలో ఐదు రోజులు ఎనిమిదింటికి కూడా లేవని మనిషి ఆదివారం మాత్రం కోడికంటే ముందు లేస్తాడేంటని మా అమ్మ సందేహం. ఆవిడకి నేనిప్పటిదాకా సరైన సమాధానం చెప్పలేకపోయాను. చెప్పొచ్చేదేంటంటే, ఈ పిచ్చి నాకు ఏడేళ్ళుగా ఉంది. ఈ ఏడేళ్ళలో మొదటిసారి, మొన్న వేసవిలో ఒక ఆదివారం, ఇంటికొచ్చాక సైకిల్ని గోడకి ఆనించి రెండు వారాలపాటు ముట్టుకోలేదు. ఇది ఆ సంగతి.

మేం మొత్తం ఎనిమిది మందిమి. ఐదుగురం సాఫ్ట్‌వేర్, ఒక పిల్లల డాక్టరు గారు, ఒక బేంకాయన, ఇంకొకాయన ఏం చేస్తాడో ఎవరికీ సరిగ్గా తెలీదు గానీ పంక్చర్లు మాత్రం బ్రహ్మాండంగా వేస్తాడు. పేర్లు ఎందుకు గానీ, ముందుండి నడిపించేవాణ్ణి కెప్టెన్ అందాం. గచ్చిబౌలిలో కలుసుకుని గండిపేట వైపో, చిలుకూరు వైపో, మరీ హుషారుగా ఉంటే అనంతగిరి కొండల దాకానో పోవడం, దార్లో ఎక్కడో బండి దగ్గర ఇడ్లీ తిని, టీ తాగి, ఎండెక్కకముందే ఇళ్ళకి చేరడం మా కార్యక్రమం.

సైకిల్ ఎవడికి వాడు తొక్కుకోవచ్చుగా, గుంపెందుకు అని అడుగుతారు చాలామంది. దీనికో లెక్క ఉంది. గాలి పెట్టే నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తేమో వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు చేస్తే గాలికి కట్టే కప్పం ఎనిమిది రెట్లు. గంటకి 30 కిలోమీటర్లు దాటాక మనం తొక్కే తొక్కుడులో ఎక్కువ భాగం గాలితో కుస్తీకే పోతుంది. అదే ముందువాడి వెనక చక్రానికి రెండడుగుల దూరంలో నక్కి తొక్కారనుకోండి, పావు వంతు నుంచి మూడో వంతు దాకా కష్టం తగ్గిపోతుంది. అందుకని వరసకట్టి, ముందువాడు రెండు నిమిషాలు గాలి మింగాక పక్కకి తప్పుకుంటే తరవాతివాడు ముందుకొస్తాడు. దీన్ని పేస్‌లైన్ అంటారు. కొంగలు బారుగా ఎగరడం చూశారుగా, అలాంటిదే.

ఇందులో ఇంకో విశేషముంది. వెనకవాడికి రోడ్డు కనపడదు. కనపడేది ముందువాడి వీపూ, చక్రమూ అంతే. కాబట్టి కళ్ళు మొదటివాడివి. గుంత వస్తే చేత్తో చూపించి "గుంత!" అని అరుస్తాడు, ఆ అరుపు వెనక్కి ఒకరి నుంచి ఒకరికి పోతుంది. కుక్క, ఇసక, స్పీడ్ బ్రేకర్, అన్నీ అంతే. పదేళ్ళు కలిసి పనిచేసిన ఆఫీసు వాళ్ళని కూడా నేనింతగా నమ్మలేదు. మా అమ్మకి చెప్పలేకపోయిన సమాధానం బహుశా ఇదే.

సరే, అసలు విషయానికొస్తాను.

ఆ రోజు ఐదుంబావు అయ్యుంటుంది. ఇంకా చీకటే. ఊరు దాటాక ఈ మధ్యే వెడల్పు చేసిన రోడ్డు, మధ్యలో డివైడరు, అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు. అద్దంలా ఉంది. వీధి దీపాలు ఒకచోట వెలుగుతుంటే నాలుగుచోట్ల లేవు. ముందు నేనున్నాను. 32 మీద పోతున్నాం. కళ్ళు నావి అన్నమాట.

ఎదురుగా ఏదో కదిలినట్టనిపించింది. అనిపించేలోపే అయిపోయింది. నా హేండిలు అవతలి హేండిల్ని కొట్టింది. నేను కుడివైపు పడ్డాను, అవతలి మనిషి ఎడమవైపు మట్టిలోకి పడ్డాడు. నా వెనక ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. మిగతావాళ్ళు ఎలాగో తప్పించుకున్నారు.

లేచి చూస్తే, ఒక పెద్దాయన. యాభై అయిదేళ్ళుంటాయి. సెక్యూరిటీ గార్డు చొక్కా. పాత నల్ల సైకిలు, కారియర్‌కి రబ్బరు తాడుతో కట్టిన టిఫిన్ డబ్బా. డబ్బా ఊడిపోయి అన్నం, పప్పు రోడ్డుమీద పడున్నాయి. సైకిల్ ముందు చక్రం ఎనిమిది అంకెలా వంకర పోయింది.

మా కెప్టెన్ కోపంతో ఊగిపోయాడు. "ఏంటండీ ఇది, రాంగ్ రూట్‌లో వస్తూ లైటు కూడా పెట్టుకోరా? చంపేద్దామనా?"

ఆయన కూర్చున్నచోటు నుంచే చెయ్యి పట్టుకుని అన్నాడు: "లైటు మీకుంది గద సార్. మీకు నేను కనవడాలె గద."

ఎవ్వరం మాట్లాడలేదు.

డాక్టరు గారు చెయ్యి చూశారు. మణికట్టు వాచిపోతోంది. ఆసుపత్రికి పోదామంటే ఆయన వినలేదు. "ఆరింటికి డ్యూటీ ఎక్కాలె సార్. లేటయితే సగం రోజు పోతది." ఆరు నుంచి ఆరు దాకా, పన్నెండు గంటల డ్యూటీ. చివరికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు: "జర మా సూపర్‌వైజర్‌కి మీరే ఫోన్ చేసి చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మడు."

నేనే చేశాను. అటునుంచి మొదట చిరాకుగా "ఎవరూ?" అన్న గొంతు, నా ఇంగ్లీషు ముక్కలు రెండు వినగానే "చెప్పండి సార్, నో ప్రాబ్లమ్ సార్" అయిపోయింది. మోచేతినుంచి రక్తం కారుతున్నా ఆ క్షణంలో నాకు సిగ్గేసింది.

మా వాళ్ళలో ఒకాయన మెల్లగా "పోలీసు కేసవుతుందేమో, పద పోదాం" అన్నాడు కూడా. డాక్టరు గారికి ఒళ్ళు మండింది. ప్రమాదంలో పడ్డవాళ్ళకి సాయం చేసినవాళ్ళని వేధించకూడదని 2016లో సుప్రీం కోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 134ఎ అని సెక్షనే పెట్టారు, భయమెందుకని ఆయన వాదన. వాదన బాగానే ఉంది గానీ, మేం దారిన పోతూ సాయం చేసినవాళ్ళం కాదే. గుద్దినవాళ్ళం.

ఆటోలో ఆయన్ని తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించాం. విరగలేదు, బెణికింది. వారం రోజుల కట్టు. ఆ వారం జీతమూ, కొత్త చక్రమూ మేమే ఇచ్చాం. ఇచ్చామని గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. అంతకుముందు వారమే నేను కొన్న కళ్ళజోడు వెల అంతకంటే ఎక్కువ.

*

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని, నా తరఫున వాదన తయారు చేసుకోవడం. ఉద్యోగంలో అలవాటైన పని కదా. ఏదన్నా పాడైతే మొదట "నా కోడ్ కాదు" అని నిరూపించుకోవాలి.

వాదన గట్టిదే. నేను ఎడమపక్కన ఉన్నాను. హెల్మెట్ ఉంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉన్నాయి. ఆయన ఎదురు దిశలో, లైటు లేకుండా వచ్చాడు. ఏ కోర్టులోనైనా గెలుస్తాను.

కానీ ఆ మాట వదల్లేదు. "లైటు మీకుంది గద."

ఉంది. కాకపోతే బేటరీ ఎక్కువసేపు వస్తుందని దాన్ని మినుకు మినుకుమనే మోడ్‌లో పెట్టాను. సైకిల్ లైట్లలో రెండు రకాల పనులుంటాయి: ఇతరులకి మనం కనపడటం, మనకి రోడ్డు కనపడటం. మినుకుమనేది మొదటి పనికి మాత్రమే. అంటే కార్లవాళ్ళు నన్ను చూడాలని జాగ్రత్త పడ్డాను, నేను ఎవర్నీ చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు. ఆ సమయంలో రోడ్డు మీద నాకంటే చిన్నవాడు ఉంటాడని నా బుర్రకి తట్టనేలేదు.

ఇంకో లెక్క. గంటకి 32 అంటే సెకనుకి దాదాపు 9 మీటర్లు. ఆయన వేగం 12 అనుకుంటే ఇద్దరం కలిసి సెకనుకి 12 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నాం. మనిషి చూసి, గ్రహించి, బ్రేకు మీద వేలు వేసేసరికి ఒక సెకను పోతుంది. నా లైటు వెలుగు ఎంత దూరం పడుతోందో ఆ సాయంత్రం సందులోకి తీసుకెళ్ళి చూశాను. పది మీటర్ల అవతల ఏమీ తెలియట్లేదు. ఇక నేనేం చూసి ఆపగలను? అక్కడ ఆయన బదులు గేదె పడుకుని ఉన్నా గుద్దేవాణ్ణే. గేదె రాంగ్ రూట్‌లో ఉందనేవాణ్ణా?

కాబట్టి నా తప్పు నాదే. ఆ విషయంలో నాకిప్పుడు సందేహం లేదు.

*

మరి ఆయన తప్పో? ఇక్కడే నాకు అసలు సంగతి తెలిసింది.

ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు అడిగాను, రాంగ్ రూట్‌లో ఎందుకొస్తారండీ, ప్రమాదం కదా అని. నావైపు వింతగా చూశాడు. "మరెట్ల పోవాలె సార్? మీరే చెప్పుండ్రి."

చెప్పలేకపోయాను. రెండు వారాల తరవాత సైకిల్ బయటికి తీసి, మొదట చేసిన పని అది కొలవడం. ఆయన గది ఉన్న సందు రోడ్డుని కలిసేచోట మీటరు సున్నా చేశాను. ఆయన పనిచేసే అపార్ట్‌మెంట్ గేటు అదే వైపున, వాహనాలకి ఎదురు దిశలో 700 మీటర్లు. నేను చట్టప్రకారం బయల్దేరాను. ఎడమకి తిరిగి 2.1 కిలోమీటర్లు పోతే మొదటి యూటర్న్. అక్కడ మూడు వరసల ట్రాఫిక్ని దాటుకుని కుడి చివరికి చేరి, తిరిగి, అవతలి వైపున 3.7 కిలోమీటర్లు వెనక్కి. అక్కడ ఇంకో యూటర్న్, మళ్ళీ మూడు వరసలు. మళ్ళీ 0.9 కిలోమీటర్లు. మొత్తం 6.7.

0.7కి బదులు 6.7. బరువైన పాత సైకిల్ మీద మూడున్నర నిమిషాల దారికి ముప్పైమూడు నిమిషాలు. పైగా టిప్పర్లూ, ఎయిర్‌పోర్ట్ టాక్సీలూ ఎనభైలో వచ్చేచోట రెండుసార్లు రోడ్డుకి అడ్డంగా కుడికి జరగాలి. రెండో యూటర్న్ దగ్గర నాకే గుండె ఝల్లుమంది, నాదేమో గేర్ల సైకిలు, మెరిసే చొక్కా. నిజం చెప్పాలంటే అంచుపట్టుకుని ఎదురొచ్చే 700 మీటర్లే తక్కువ ప్రమాదమేమో అనిపించింది.

నా ఉద్యోగంలో ఒక పాఠం మొదటి రెండేళ్ళలోనే నేర్పిస్తారు. ఒకడు తప్పు బటన్ నొక్కితే వాడి పొరపాటు. వచ్చినవాళ్ళందరూ అదే తప్పు బటన్ నొక్కుతుంటే ఆ పేజీ తయారుచేసినవాడి పొరపాటు. "యూజర్‌కి బుద్ధిలేదు" అని రిపోర్ట్ రాస్తే మేనేజర్ ఊరుకోడు. నేను ఆ రోజు పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా ఆ సందు మొగలో నిలబడ్డాను. అటువైపు వెళ్ళాల్సిన సైకిళ్ళు, నడిచేవాళ్ళు, మోపెడ్లు, ఒక్కరంటే ఒక్కరు కూడా 6.7 కిలోమీటర్లు తిరిగి పోలేదు. స్కూలు ఆటో కూడా ఎదురే వెళ్ళింది. ఇంతమందికి క్రమశిక్షణ లేదని అనేయడం తేలికే. కానీ ఆ రోడ్డు గీసినవాడు కాగితం మీద కారుని తప్ప ఇంకేదీ ఊహించలేదన్నది అంతకంటే దగ్గరి వివరణ.

డివైడర్‌కి సందులు పెడితే ప్రమాదాలు పెరుగుతాయంటారు ఇంజనీర్లు. ఒప్పుకుంటాను, కార్లు తిరిగే సందు పెడితే పెరుగుతాయి. కానీ మనిషీ సైకిలూ మాత్రమే పట్టే సందు, మధ్యలో ఆగడానికి కాస్త చోటు, రోడ్డుని అక్కడ కొంచెం ఎత్తు చేసి వాహనాలు నెమ్మదించేలా ఒక దాటుడు, ఇవేమీ కొత్త విషయాలు కావు. పాదచారుల సదుపాయాల గురించి ఐఆర్‌సి 103 అనీ, సైకిల్ దారుల గురించి ఐఆర్‌సి 11 అనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ పుస్తకాలే ఉన్నాయి. రోడ్లమీద కదలాల్సింది వాహనాలు కాదు, మనుషులు అని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానంలో రాసుకున్నాం. పోనీ సైకిల్ మీద పనికి పోయేవాళ్ళు ఎవరో నలుగురా అంటే, 2011 జనగణనలో వ్యవసాయేతర పనులకి సైకిల్ మీద వెళ్తున్నామని చెప్పినవాళ్ళు దేశంలో సుమారు 2.6 కోట్ల మంది. మోటార్ సైకిళ్ళూ స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళు కూడా అప్పుడు దాదాపు అంతే. తరవాత ఈ లెక్క మారే ఉంటుంది. సైకిల్ వదలగలిగినవాళ్ళు వదిలేసి ఉంటారు. వదల్లేనివాళ్ళు అదే రోడ్డుమీద, ఎదురు దిశలో, చీకట్లో పోతున్నారు.

*

మా గుంపులో దీనిమీద పెద్ద చర్చే అయింది. కెప్టెన్ ప్రతిపాదన: ఇకమీదట రోడ్లు వద్దు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ట్రాక్ ఉందిగా, అక్కడే తొక్కుదాం.

ఆ ట్రాక్ గొప్పదే, నేను కాదనను. 2023 అక్టోబర్ 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, వెరసి 23 కిలోమీటర్లు. నెత్తిన సోలార్ పలకలు, 16 మెగావాట్ల కరెంటు. ఎండా తగలదు, వానా తగలదు. మా అబ్బాయికి నేను గేర్లు మార్చడం నేర్పింది అక్కడే.

కానీ మేమక్కడికి ఎలా వెళ్తాం? మాలో ఐదుగురు సైకిల్ని కారు వెనక తగిలించుకుని వెళ్ళి, అక్కడ దించి, తొక్కి, మళ్ళీ కారుకెక్కించి తెస్తారు. ఈత కొట్టడానికి బకెట్టు నీళ్ళు మోసుకెళ్ళినట్టుంది వ్యవహారం. ఆ పెద్దాయన మాత్రం ఆ ట్రాక్ ఎక్కి ఎక్కడికీ పోలేడు. ఆయన గదికీ ఆయన గేటుకీ మధ్య అది లేదు. మేం సైకిల్‌తో ఆడుకుంటాం, ఆయన సైకిల్‌తో పనికి పోతాడు. ప్రభుత్వానికి సైకిల్ అనగానే మేం గుర్తొస్తే, ఆ గుర్తు రావడంలో మా చొక్కాల రంగుల పాత్ర కూడా ఉంది. ఇన్నేళ్ళుగా సైకిల్ దారులు కావాలని ప్లకార్డులు పట్టుకుని ఫోటోలు దిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్క ఫోటోలోనూ సెక్యూరిటీ చొక్కా లేదు. పిలవాలని తోచలేదు, అంతే.

మా నాన్న తెనాల్లో ముప్పై ఏళ్ళు సైకిల్ మీదే ఆఫీసుకెళ్ళాడు. సీటు అందక ఫ్రేము సందులోంచి కాలు దూర్చి నేను నేర్చుకున్నది ఆ సైకిల్ మీదే. డైనమో పనిచెయ్యకపోతే పోలీసు ఆపేవాడు, నాన్న దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. ఇవన్నీ మర్చిపోయి నేను "సైక్లిస్ట్" నయ్యాను. నాన్నని ఎవరూ ఆ మాట అనలేదు. ఆయన సైకిల్ తొక్కే మనిషి, అంతే.

చర్చ తేలలేదు గానీ కొన్ని ఒప్పుకున్నాం. వెలుతురొచ్చేదాకా 22 దాటకూడదు. ముందువాడి లైటు మినుకుమనకూడదు, రోడ్డుమీద నిలకడగా పడాలి. చీకట్లో పేస్‌లైన్ లేదు. కెప్టెన్‌కి ఇది నచ్చలేదు, ఇప్పుడు నెలకి మూడు ఆదివారాలు ట్రాక్‌కే పోతున్నాడు. ఇద్దరు ఆయనతో వెళ్ళారు. స్నేహం చెడలేదు గానీ ఇడ్లీ బండి దగ్గర బల్ల కొంచెం ఖాళీగా ఉంటోంది. రోడ్డు సంగతి చూసే ఆఫీసుకి నా 6.7 కిలోమీటర్ల లెక్క మేపు గీసి మరీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ వెళ్తాం.

పెద్దాయనకి ముందొకటి, వెనకొకటి లైట్లు తీసుకెళ్ళి ఇచ్చాను. వెనకది పెట్టుకున్నాడు. ముందుది మనవడు ఆడుకోవడానికి తీసుకున్నాడట. "నువ్వు చూసుకుంట రా సార్, చాలు" అన్నాడు నవ్వుతూ.

ఇప్పటికీ ఆదివారం ఐదున్నర ప్రాంతంలో ఆ రోడ్డుమీద ఎదురుపడతాం. ఆయన అదే వైపున, అదే అంచున, ఎదురే వస్తుంటాడు. నేను ముందుంటే చెయ్యి చూపించి "సైకిల్!" అని అరుస్తాను, ఆ అరుపు వెనక్కి పోతుంది. మేం కుడికి జరిగి దారిస్తాం.

మీరు రోజూ పోయే రోడ్డుమీద ఎవరన్నా రాంగ్ రూట్‌లో ఎదురొస్తే, తిట్టడం ఎలాగూ తిడతాం, నేనూ తిడతాను. తరవాత ఒకసారి ఆ మనిషి సరైన దారిలో రావాలంటే ఎంత దూరం తిరగాలో మీటర్లో చూసి చెప్పండి. మా రోడ్డుకి మాత్రం 6.7 వచ్చింది.